వారంటీ గడువు – వాహన పరీక్ష – ప్రమాణ వివేకం

యోగక్షేమాలు అనే జంటపదం తెలుగువారి పలకరింపుల్లో నిత్యం వినబడుతూనే ఉంటుంది. శాస్త్రం ఈ రెండు పదాలకూ వేర్వేరు అర్థాలను నిర్దేశించింది. అప్రాప్తమైన వస్తువును పొందుట యోగం. ప్రాప్తించిన వస్తువును పరిరక్షించుకొనుట క్షేమం. లోకంలో యోగానికి ఉన్న ఉత్సాహం క్షేమానికి ఉండదు. వాహనం ఇంటికి వచ్చిన రోజున చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, కొబ్బరికాయ కొడతారు, బంధువులకు మిఠాయిలు పంచుతారు. ఆ తరువాత ఆ వాహనం అడుగుభాగాన్ని వంగి చూచేవారు అరుదు. ఒకరు వాడిన వాహనాన్ని మరొకరు కొన్నప్పుడు ఈ ఉపేక్ష మరింత అనర్థదాయకం. దాని పూర్వవృత్తాంతం కొన్నవానికి తెలియదు. దానికి తయారీదారు ఇచ్చిన అభయమా, రోజురోజుకూ క్షీణిస్తూ ఉంటుంది.

ఆ అభయానికే వారంటీ అని వ్యవహారం. మన దేశంలో ఎస్‌యూవీలకు సాధారణంగా 3 సంవత్సరాలు లేదా 1,00,000 కిలోమీటర్లు, వీటిలో ఏది ముందు పూర్తయితే అంతవరకు వారంటీ ఉంటుంది. కిలోమీటర్ల పరిమితి లేకుండా ఇచ్చే సంస్థలు కూడా కలవు. ఈ కాలగణన మొదటి యజమానికి వాహనాన్ని అప్పగించిన తేదీ నుండి ఆరంభమవుతుంది. రెండవ యజమాని కొన్న తేదీకి ఈ లెక్కలో స్థానం లేదు. తయారీలోనో పదార్థంలోనో ఉన్న లోపాలకే ఈ అభయం వర్తిస్తుంది. బ్రేకు ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు వంటి అరిగిపోయే భాగాలకు సాధారణంగా వర్తించదు. టైర్లకు వాటిని తయారుచేసినవారు విడిగా హామీ ఇస్తారు. వరదనీటి వలన, ఢీకొనుట వలన, బయట చేయించిన మార్పుల వలన కలిగిన నష్టం ఇందులోకి రాదు. కనుక గడువు ముగియక మునుపే లోపం ఏది, సహజమైన అరుగుదల ఏది, పరకృతమైన హాని ఏది అని విడదీసి తెలుసుకొనవలెను. యథార్థంగా తెలుసుకొనుటకు సాధనమైనదే ప్రమాణం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని న్యాయశాస్త్రం నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. ఇవి గ్రంథాలకే పరిమితమైనవి కావని ఒక గృహస్థు అనుభవం తెలియజేస్తున్నది.

గుంటూరులో నివసించే ఆ గృహస్థు 2025 జూన్‌లో విజయవాడలోని ఒక పాత వాహనాల వ్యాపారి వద్ద ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీని కొన్నాడు. మొదటి యజమానికి అది 2022 ఆగస్టులో చేరినది. అప్పటికి 58,000 కిలోమీటర్లు తిరిగినది. కిలోమీటర్ల పరిమితికి ఇంకా చాలా దూరం ఉన్నా, కాలపరిమితికి రెండు నెలలే మిగిలినవి. వృద్ధురాలైన తల్లిని శ్రీశైలం తీసుకొనిపోవలెనని ఆయన సంకల్పం. దోర్నాల దాటిన తరువాత నల్లమల ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఆ వాహనంలోనే ఎక్కి దిగవలెను. ఏళ్ల తరబడి కూడబెట్టిన ధనం అందులో పెట్టినాడు. అందుకే దానిలో దోషాలు వెదకడానికి మనసు ఒప్పలేదు.

బావమరిది ఆ మనసుకు వత్తాసు పలికాడు. "బాగా నడుస్తున్న బండిని గెలికితే లేనిపోని రోగాలు బయటపడతాయి, బావా" అన్నాడు. ఆర్టీసీ డిపో గ్యారేజీలో దశాబ్దాలు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మేనమామ మాత్రం మరొక మాట అన్నాడు: "లేనిపోనివి బయటపడవురా అబ్బాయీ. ఉన్నవే బయటపడతాయి. అవి ఇప్పుడు మన ఇంటి ముందు బయటపడాలా, ఘాట్‌లో అమ్మ బండిలో ఉన్నప్పుడు బయటపడాలా, అదొక్కటే నువ్వు తేల్చుకో."

న్యాయశాస్త్రం చెప్పిన పదహారు పదార్థాలలో సంశయం ఒకటి. సంశయం లేనిచోట విచారణ పుట్టదు. ఇష్టమైన వస్తువును సంశయించుట దానిని అవమానించుట అని లోకులు భావిస్తారు. వాస్తవానికి అది ఆ వస్తువుపై కలిగిన శ్రద్ధకు మొదటి చిహ్నం. గృహస్థు ఆ వారమే పరీక్షకు పూనుకొన్నాడు.

శబ్దం – అమ్మినవాని మాట

ఆప్తుని వాక్యమే శబ్దప్రమాణం. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదానిని ఎరిగినట్లే చెప్పగోరువాడు ఆప్తుడు. ఋషి కానీ, ఆర్యుడు కానీ, మ్లేచ్ఛుడు కానీ, ఈ లక్షణం అందరికీ సమానమే అని వాత్స్యాయనుడు తన న్యాయభాష్యంలో స్పష్టం చేశాడు. కనుక చేతికి గ్రీజు అంటిన మెకానిక్ ఆప్తుడు కావచ్చును. ఖరీదైన కార్యాలయంలో కూర్చున్న వ్యాపారి కాకపోవచ్చును.

"ఒకే యజమాని, షోరూం సర్వీసు, వరదలో మునగలేదు" అని వ్యాపారి మూడు మాటలు చెప్పాడు. మొదటిది ఆర్సీ వివరాలతో సరిపోయినది. రెండవదానికి ఛాసిస్ నంబరు ఆధారంగా అధీకృత సర్వీస్ సెంటర్ నుండి సర్వీసు చరిత్ర తెప్పించుకొన్నారు. సర్వీసులన్నీ వేళకు జరిగినవి. అయితే మూడేళ్లలో ఒక్కసారి కూడా బ్రేకు ఆయిల్ మార్చినట్లు అందులో లేదు. మేనమామ ఆ సంగతి కాగితంపై రాసిపెట్టుకొన్నాడు. అదే ఛాసిస్ నంబరుతో తయారీదారు వెబ్‌సైట్‌లో రీకాల్ ఏదైనా పెండింగులో ఉన్నదేమో కూడా చూచినారు. పదిహేడు అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ సంఖ్య వాహనానికి గోత్రనామాల వంటిది. రీకాల్ కింద చేసే మరమ్మతుకు యజమాని నుండి రుసుము తీసుకొనరు.

మూడవ మాట వద్ద జాగ్రత్త అవసరమైనది. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడలో అనేక వాహనాలు నీట మునిగిన విషయం విదితమే. వాహనం మునగలేదనుటకు నిదర్శనంగా వ్యాపారి ఇన్సూరెన్స్ పాలసీలో ఉన్న 25 శాతం నో క్లెయిమ్ బోనస్‌ను చూపించాడు. రెండేళ్లు వరుసగా క్లెయిమ్ లేకపోతే ఆ శాతం లభిస్తుంది, అది నిజమే. కానీ ఆ పాలసీ 2024 ఆగస్టులో మొదలైనది. వరద వచ్చినది ఆ తరువాత. ముందు పుట్టిన కాగితం తరువాత జరిగినదానికి సాక్ష్యం చెప్పజాలదు. హేతువువలె కనిపిస్తూ హేతువు కానిదానిని తార్కికులు హేత్వాభాసం అంటారు. వ్యాపారి అబద్ధమాడినట్లు దీనివలన తేలదు. అతడు చూపినది ఆ విషయంలో ప్రమాణం కాదని మాత్రమే తేలుతుంది.

ప్రత్యక్షం – కంటితో, చెవితో, ముక్కుతో

ఇంద్రియానికీ వస్తువుకూ సన్నికర్షం కలిగినప్పుడే ప్రత్యక్షం సిద్ధిస్తుంది. కడిగి మెరిపించిన వాహనాన్ని సాయంకాలపు దీపకాంతిలో చూచుట వలన ఆ సన్నికర్షం కలగదు. అందుకే మేనమామ తెల్లవారుజామున, రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉండగా వచ్చినాడు. వేడెక్కిన ఇంజన్ తన దోషాలను దాచుకొంటుంది. చల్లని ఇంజన్ మొదటి స్టార్టులోనే తన బడలికను చెబుతుంది. ఎంతసేపటికి అందుకొన్నది, ఎటువంటి శబ్దం చేసినది, పొగ ఏ రంగులో వచ్చినది అన్నవి ఆ క్షణంలోనే గమనించవలసినవి.

వరద విషయాన్ని కూడా ప్రత్యక్షంతోనే తేల్చినారు. సీటు బెల్టులను చివరికంటా లాగి చూచినారు. బురద చార ఉంటే అక్కడే దొరుకుతుంది. కార్పెట్టు ఎత్తి ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూచినారు. సీట్ల పట్టాలపై, స్టెప్నీ చక్రం ఉండే చోట తుప్పును, ఫ్యూజు పెట్టెలో ఒండ్రును, హెడ్‌లైట్ల లోపల తేమ మరకలను వెదకినారు. ఏదీ కనిపించలేదు.

తరువాత బానెట్ తెరచినారు. కూలెంట్ డబ్బాలో ద్రవం కింది గీతకు దగ్గరగా ఉన్నది. వాటర్ పంపు అంచున గులాబీ రంగు పొర గట్టిపడి ఉన్నది. కారి ఆరిపోయిన కూలెంట్ చిహ్నమది. వాహనాన్ని లిఫ్టుపై ఎక్కించి చూస్తే ముందు ఎడమవైపు షాక్ అబ్జార్బరు నూనె తడితో ధూళిపట్టి ఉన్నది. వెనుక వరుసల ఏసీ బ్లోయర్ అన్ని వేగాల్లోనూ పనిచేయడం లేదు. తల్లి కూర్చునేది ఆ వరుసలోనే. ముందు సీటులో కూర్చొని నడిపేవానికి ఇది ఏనాటికీ తెలియదు. పరీక్షించువాడు ప్రతి సీటులోనూ కూర్చొనవలెను, ప్రతి అద్దమూ దించి ఎత్తవలెను, ప్రతి మీటా నొక్కవలెను.

అనుమానం – చిహ్నం నుండి కారణానికి

పర్వతంపై పొగను చూచి నిప్పు ఉన్నదని ఊహించుట తర్కవిద్యార్థి నేర్చే మొదటి ఉదాహరణ. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహంతో పాఠం మొదలుపెట్టిన ప్రతివానికీ అది కంఠస్థమే. వాహనం విషయంలో ఆ పొగ మరికొంత వివరంగా మాట్లాడుతుంది. నీలి పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నదని, నల్లని పొగ వస్తే ఇంధనం ఎక్కువై పూర్తిగా దహనం కావడం లేదని, ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకుండా వస్తే కూలెంట్ దహనగదిలోకి చేరుతున్నదేమో చూడవలెనని అనుభవజ్ఞులు చెబుతారు. చలి ఉదయాన క్షణకాలం కనిపించే తెల్లని ఆవిరి దోషం కాదు. నిప్పు ఉన్నంత మాత్రాన పొగ ఉండదు, తడి కట్టెల సంబంధం కూడా ఉండవలెనని తార్కికులు చెప్పే ఉపాధి వంటిదే ఇది. ఉపాధిని గుర్తించనివాడు అనవసరంగా భయపడతాడు, లేదా అనవసరంగా ధైర్యపడతాడు.

టైర్లు కూడా అనుమానానికి గొప్ప ఆధారం. టైరు పక్కభాగాన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండంకెలు తయారైన వారాన్ని, చివరి రెండంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. ఈ వాహనానికి నాలుగూ 2022లో తయారైనవే కనుక వాహనంతో వచ్చినవే అని తేలినది. అయితే ముందు ఎడమ టైరు లోపలి అంచున మాత్రమే ఎక్కువ అరిగినది. టైరు తనంతట తాను ఒక పక్కకు అరగదు. చక్రం నిలిచే కోణం తప్పినదని, దానికి సస్పెన్షన్‌లో కారణం ఉండవచ్చునని మేనమామ ఊహించినాడు. అదే పక్కన షాక్ అబ్జార్బరు తడిసి ఉండుట ఆ ఊహకు బలమిచ్చినది. బానెట్, ముందు రెక్కలు బిగించిన బోల్టుల మీద స్పానరు పట్టిన గాట్లు లేవు, రంగు చెదరలేదు. కనుక ముందుభాగం విప్పి మళ్లీ బిగించినది కాదని భావించినారు.

ఉపమానం – అటువంటిదే మరొకటి

ఎన్నడూ చూడని గవయమృగాన్ని ఆవుతో పోలికను బట్టి గుర్తించుట ఉపమానానికి శాస్త్రం ఇచ్చే దృష్టాంతం. కొత్తగా ఒక వాహనాన్ని కొన్నవానికి దాని స్వభావం ఏదో, దోషం ఏదో తెలియదు. స్టీరింగ్ ఇంతే బరువుగా ఉండవలెనా, బ్రేకు పెడలు ఇంతే లోతుకు దిగవలెనా అన్నది పోల్చి చూచినగాని తేలదు. గృహస్థు తన సహోద్యోగి వద్ద ఉన్న అదే మోడల్ వాహనాన్ని అడిగి, అదే దారిలో, అవే స్పీడు బ్రేకర్ల మీద, అదే వేగంతో రెండింటినీ వెంటవెంటనే నడిపి చూచినాడు. రెండు సంగతులు బయటపడినవి. తన వాహనంలో ముందు ఎడమవైపు నుండి టక్కుమనే శబ్దం వస్తున్నది, సహోద్యోగి వాహనంలో రావడం లేదు. తన బ్రేకు పెడలు మెత్తగా, కొంత ఎక్కువ లోతుకు దిగుతున్నది. వారం రోజులుగా నడుపుతున్నా ఈ రెండవది ఆయనకు తెలియలేదు. ప్రతిదినం ఉన్నది కనుక అదే సహజమని పాదం అలవాటుపడినది.

కనబడకపోవుట లేకపోవుట అగునా?

ఈ నాలుగింటితో పాటు అభావాన్ని తెలుసుకొనుటకు అనుపలబ్ధి అనే ప్రమాణాన్ని భాట్ట మీమాంసకులు, అద్వైతులు అంగీకరించినారు. ఉంటే తప్పక కనబడవలసిన వస్తువు కనబడనప్పుడే అది లేదని నిర్ణయించవచ్చును. చీకటిగదిలో కుండ కనబడలేదు కనుక కుండ లేదనరాదు.

నేటి వాహనాలకు ఓబీడీ అనే కనెక్టరు ఉంటుంది. దానికి స్కానరు తగిలిస్తే కంప్యూటరు నమోదు చేసుకొన్న దోషసంకేతాలు తెలుస్తాయి. ఒక్క కోడు కూడా లేదని తెరపై కనబడగానే బావమరిది సంతోషించినాడు. మేనమామ మాత్రం స్కానరులోని మరొక పుటను తెరిపించినాడు. పాత కోడ్లను ఇటీవల చెరిపివేసి ఉంటే, స్వయంపరీక్షలు ఇంకా పూర్తికాలేదని అక్కడ కనబడుతుంది. అన్నీ పూర్తయినట్లే ఉన్నవి. అప్పుడు గాని ఆయన తృప్తిపడలేదు. కడిగిన ఇంజన్‌పై నూనె కనబడకపోవుట కూడా ఇటువంటిదే. కొన్ని దినాలు నడిపి, ఆ తరువాత చూచినప్పుడే లీకు లేదన్న మాటకు ప్రామాణ్యం కలుగుతుంది.

జాబ్ కార్డు – సత్యపరీక్ష

దొరికిన దోషాలన్నీ ఒక కాగితంపై వరుసగా రాసి, గడువుకు ఆరు వారాల ముందే వాహనాన్ని అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకొనిపోవలెనని నిశ్చయించినారు. ముందుగా పోవుటలో ఒక ప్రయోజనం ఉన్నది. మరమ్మతు చేసిన తరువాత అదే దోషం తిరిగి వస్తే మళ్లీ చూపించుటకు గడువులోనే కాలం మిగులుతుంది. నోటితో చెప్పిన ఫిర్యాదు గాలిలో కలిసిపోతుంది. తేదీతో, కిలోమీటర్లతో జాబ్ కార్డులో నమోదై, నకలు చేతికి వచ్చినదే రేపు సాక్ష్యంగా నిలుస్తుంది. "సస్పెన్షన్ చూడండి" అని రాయించుట కన్నా "స్పీడు బ్రేకరు దిగేటప్పుడు ముందు ఎడమవైపు శబ్దం వస్తున్నది" అని రాయించుట మేలు. ఆర్సీ బదిలీ పూర్తయి, సర్వీస్ సెంటర్ రికార్డులలో కొత్త యజమాని పేరు చేరినదీ లేనిదీ కూడా చూచుకొనవలెను.

పోయే ముందురోజు ఒక చిక్కు ఎదురైనది. పూర్వపు యజమాని బంపరు వద్ద అదనపు లైట్లు పెట్టించినాడు. అందుకోసం బయటి ఎలక్ట్రీషియన్ అసలు వైరింగును కోసి అతుకు వేసినాడు. దానిని చూపితే మిగిలిన మరమ్మతులకు కూడా వారంటీ నిరాకరిస్తారేమో అని భయం కలిగినది. లైట్లు విప్పి, అతుకుకు కొత్త టేపు చుట్టి, ఏమీ ఎరగనట్లు పోవుట మంచిదని బావమరిది సలహా ఇచ్చినాడు.

గృహస్థు ఆ రాత్రి ఆలోచించినాడు. ఇన్ని దినాలుగా వ్యాపారి మాటను, పూర్వయజమాని నడతను నిశితంగా పరీక్షించినది తాను. ఇప్పుడు అదే తుల తన ముందుకు వచ్చినది. తాను దాచితే, ఎరిగినదానిని ఎరిగినట్లు చెప్పనివాడు అవుతాడు. ఆప్తలక్షణం అమ్మేవానికి మాత్రమే విధించినది కాదు కదా. మరునాడు ఆయన కాగితంలోని చివరి వాక్యంగా ఆ లైట్ల సంగతినీ రాయించినాడు.

సర్వీస్ అడ్వైజర్ పరీక్షించి ఫలితం చెప్పినాడు. ఆ వైరింగుకు వారంటీ లేదు. దానిని సరిచేయించుకొనుటకు సొమ్ము చెల్లించవలెను. లైట్ల అతుకుతో సంబంధం లేని వాటర్ పంపు, షాక్ అబ్జార్బరు, వెనుక బ్లోయర్ మోటారు వారంటీలో మార్చబడినవి. శబ్దానికి కారణమైన లోయర్ ఆర్మ్ బుష్ విషయంలో అది అరుగుదలా, లోపమా అని చర్చ జరిగినది. చివరికి దానికి గృహస్థే మూల్యం చెల్లించినాడు. దోషం కలిగిన ప్రతి భాగమూ ఉచితంగా రావలెననుకొనుట లోభం. రావలసినదానిని అడగకుండుట ఉపేక్ష. ఈ రెంటి నడిమి మార్గంలో ఆయన నిలబడినాడు.

లెక్కకు రాని లాభం

ఇక్కడ జిజ్ఞాసువులు ఒక విషయాన్ని విశేషంగా గమనించవలెను. ఈ పరీక్ష అంతటిలోనూ అత్యంత ముఖ్యమైన దోషం వారంటీలోకి వచ్చినది కాదు. చక్రాలు విప్పి చూచినప్పుడు ముందు బ్రేకు ప్యాడ్లు చాలావరకు అరిగిపోయి ఉన్నవి. బ్రేకు ఆయిల్ నల్లబడి ఉన్నది. ఆ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం ఉన్నది. తేమ చేరినకొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మాటిమాటికీ బ్రేకు తొక్కితే కలిగే వేడికి ద్రవంలో బుడగలు పుడతాయి. అప్పుడు పెడలు నేలదాకా పోయినా చక్రం ఆగదు. అందుకే సాధారణంగా రెండేళ్లకు ఒకసారి దానిని మార్చవలెనంటారు. ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో ఇంజన్ పట్టుతోనే వేగాన్ని అదుపుచేయవలెనని పెద్దలైన డ్రైవర్లు హెచ్చరించేది కూడా అందుకే. సర్వీసు చరిత్రలోని మౌనం, పెడలు మెత్తదనం, అరిగిన ప్యాడ్లు అనే మూడు సాక్ష్యాలు ఒకే సత్యాన్ని చెప్పినవి. ప్యాడ్లకు, బ్రేకు ఆయిల్‌కు గృహస్థు తన సొమ్మే ఇచ్చినాడు. వారంటీలో ఏమి వస్తుంది అని మాత్రమే వెదకినవానికి ఈ దోషం చివరి వరుసలో కూడా కనబడి ఉండేది కాదు.

గడువు అనేది మేల్కొలుపు మాత్రమే. దాని వలన వాహనాన్ని చూడవలెనన్న బుద్ధి పుడుతుంది. చూచుట మొదలైన తరువాత దృష్టి సత్యంపై ఉండవలెను గాని లాభంపై కాదు. లాభం కోరి చూచేవాడు ఉచితంగా వచ్చేదానినే చూస్తాడు. సత్యం కోరి చూచేవానికి రెండూ కనబడతాయి.

సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు. తెలుగులో అదే పదం ఆపదకు, రోడ్డుమీద జరిగే దుర్ఘటనకు పేరైనది. కారణవాచకమైన పదాన్ని కార్యానికి పెట్టుకొన్న మన పూర్వులు తెలిసి చేసినా తెలియక చేసినా సరిగ్గానే చేసినారు. ఏమరుపాటు ముందు పుడుతుంది, దుర్ఘటన తరువాత వస్తుంది. ఈ రెంటి నడుమ కొంత కాలం ఉంటుంది. ఆ కాలంలో ఒక ఉదయాన్ని వెచ్చించి వాహనం కిందికి వంగి చూచినవానికి క్షేమం అనే పదం అర్థమవుతుంది.

గడువు దగ్గరపడిన వాహనం ఎవరి ఇంట ఉన్నదో వారు ఆర్సీని, వారంటీ పుస్తకాన్ని నేడే ఒకసారి తెరచి తేదీ చూచుకొందురు గాక.

స్వస్తి.